ఎదురొచ్చిన చెయ్యి

జోడీని మనం ఎంచుకోం. వరుస కదిలేకొద్దీ ఎవరో ఒకరు ఎదురవుతారు, చెయ్యి చాపుతారు. అప్పుడు పుట్టే మొహమాటాన్ని పోగొట్టడానికి జానపద నృత్యశాలలు తరతరాలుగా పడుతున్న పాట్ల కథ ఇది.

డిసెంబరు దగ్గర పడుతోందంటే స్కాట్లండ్ బడిపిల్లల్లో కొందరికి గుండెల్లో దడ మొదలవుతుంది. పరీక్షల వల్ల కాదు, డ్యాన్సు వల్ల. క్రిస్మస్ పార్టీకి ముందు కొన్ని వారాలపాటు అక్కడి బడుల్లో ఆటల పీరియడ్ కాస్తా జానపద నృత్యాల పీరియడ్ అయిపోతుంది. హాల్లో ఈ గోడకు అబ్బాయిలు, ఆ గోడకు అమ్మాయిలు బల్లుల్లా అతుక్కుని ఉంటారు. మధ్యలో ఖాళీ నేల. ‘వెళ్లి ఎవరో ఒకర్ని పిలుచుకోండి’ అని మాస్టారు అనడమే ఆలస్యం, పన్నెండేళ్ల కుర్రాడికి ఆ నాలుగు గజాల నేలా దాటరానిదై కూర్చుంటుంది. ఎవర్ని పిలవాలి? రానంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలి? వస్తే మిగతావాళ్లు ఏమని ఏడిపిస్తారు?

ఈ గొడవంతా ఎందుకని కొందరు మాస్టార్లు రెండు వరుసల్నీ ఎదురెదురుగా నిలబెట్టి, ఎవరికి ఎవరు ఎదురైతే వాళ్లే జోడీ అనేస్తారు. పిలిచే బాధ పోతుంది, పట్టుకునే బాధ మొదలవుతుంది. స్వెటర్ చేతుల్ని వేళ్ల చివరిదాకా లాక్కుని, ఆ ఉన్ని మీదుగానే అవతలివాళ్ల చెయ్యి పట్టుకోవడం స్కాట్లండ్‌లో చాలామంది నవ్వుకుంటూ చెప్పుకొనే చిన్ననాటి ముచ్చట.

చిత్రమేమిటంటే, ఆ పిల్లలే పెద్దయ్యాక స్నేహితుల పెళ్లిళ్లలో ‘గే గోర్డన్స్’, ‘స్ట్రిప్ ద విల్లో’ బాణీలు వినపడగానే కోట్లు విప్పి కుర్చీల మీద పారేసి నేల మీదికి దూకుతారు. పెళ్లికూతురి పిన్నితోనైనా, పేరు తెలియని సహోద్యోగితోనైనా ఆడేస్తారు. వయసుతోపాటు ధైర్యమూ వచ్చిందనుకుంటే కథ అక్కడితో ముగుస్తుంది. కానీ ఇలాంటి ఆటల్ని ఏళ్ల తరబడి నడిపించేవాళ్లు ధైర్యాన్ని నమ్ముకోరు. కొత్తమనిషి చెయ్యి పట్టుకోవడంలోని ఇబ్బందిని తీర్చే పనిని ఆటకే అప్పగిస్తారు. వరుసల అమరిక, పాట నిడివి, అడుగులు చెప్పేవాళ్ల మాటతీరు, వేళ్లు ఎక్కడుండాలన్న పద్ధతి... పనంతా వీటిలోనే ఉంది.

నాష్ దొరగారి సాయంత్రాలు

ఎవరితో ఆడాలో ఇంకొకరు నిర్ణయించడం కొత్తేమీ కాదు. 18వ శతాబ్దంలో ఇంగ్లండులోని బాత్ నగరానికి వేడినీటి ఊటల్లో స్నానాల కోసం దేశం నలుమూలల నుంచీ జనం వచ్చేవారు. ఒకరికొకరు తెలియదు. సాయంత్రమైతే అందరూ చేరేది నృత్యశాలలోనే. పరిచయం చేసేవాళ్లు లేకుండా ఆడవాళ్లతో మాట కలపడమే మర్యాద కాదనుకునే రోజులవి. మరి చెయ్యి అడగడం ఎలా? అందుకని ‘మాస్టర్ ఆఫ్ సెరిమనీస్’ అనే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఆ పదవికి పేరు తెచ్చింది రిచర్డ్ నాష్. ‘బో నాష్’ అంటేనే జనానికి తెలుసు. 1761లో చనిపోయిన ఈయన జీవితచరిత్రను ఆ మరుసటి ఏడాదే ఆలివర్ గోల్డ్‌స్మిత్ రాశాడు. ఆ సాయంత్రాలు ఎలా గడిచేవో అందులో ఉంది.

ఆరింటికి ఆట మొదలు. ముందు మినుయెట్. ఒక్కో జంటే నేల మీదికి వస్తుంది, సభంతా కళ్లప్పగించి చూస్తుంది. ఆ విడత అవగానే ఆమె తన చోటికి వెళ్లిపోతుంది, నాష్ ఆ పురుషుడి ఎదుట మరొకామెను తెచ్చి నిలబెడతాడు. ప్రతి పురుషుడూ ఇద్దరితో ఆడి తీరాలి. తర్వాత అందరూ కలిసి ఆడే కంట్రీ డ్యాన్సులు. పదకొండు కొట్టగానే అన్నీ బంద్. ఇంకొక్క ఆటకు అనుమతివ్వమని రాకుమారి అమీలియా అడిగినా నాష్ ఒప్పుకోలేదట.

ఇప్పటివాళ్లకు ఇది పెత్తనంలా కనిపిస్తుంది. పెత్తనమే. కానీ ఆ పెద్దమనిషి లేకపోతే ఏమయ్యేదో జేన్ ఆస్టెన్ రాసిపెట్టింది. ‘నార్తాంగర్ అబ్బే’లో పదిహేడేళ్ల క్యాథరిన్ బాత్‌లో మొదటిసారి నృత్యసభకు వెళ్తుంది. ఇసుకేస్తే రాలనంత జనం. అందులో తెలిసిన మొహం ఒక్కటీ లేదు, పరిచయం చేసే దిక్కూ లేదు. రాత్రంతా అలా చూస్తూ గడిపి బసకు తిరిగొస్తుంది. మరోరోజు లోయర్ రూమ్స్ అనే ఇంకో నృత్యశాలలో మాస్టర్ ఆఫ్ సెరిమనీస్ ఒక యువకుడిని తీసుకొచ్చి ఆమెకు పరిచయం చేస్తాడు. ఆ యువకుడే కథానాయకుడు హెన్రీ టిల్నీ. అప్పగించిన జోడీ లేకపోతే ఆ నవలే లేదు.

రెండోవైపు కూడా చూడాలి. ఫ్యానీ బర్నీ 1778లో అచ్చువేసిన ‘ఎవెలీనా’లో నాయిక ఒక డాంబికుడు ఆటకు పిలిస్తే కాదంటుంది. కాసేపటికి లార్డ్ ఆర్విల్ పిలిస్తే వెళ్తుంది. అంతే, మొదటివాడు నిప్పులు తొక్కుతాడు. ఒకరిని కాదన్న స్త్రీ ఆ ఆటకు ఇంకెవరితోనూ నేల మీదికి రాకూడదన్నది ఆనాటి రివాజు. పల్లెటూరి నుంచి వచ్చిన ఆ పిల్లకు సంగతి తెలియదు. ఇష్టంలేని మనిషితో ఆడటమో, ఆటే మానుకుని కూర్చోవడమో తప్ప ఆ రోజుల్లో ఆడపిల్లకు మూడో దారి లేదు. జోడీని మరొకరు కుదర్చడం వరమవుతుందా, శాపమవుతుందా అన్నది ఆ మూడో దారి ఉండటాన్ని బట్టే ఉంటుంది. ఆ దారి తెరుచుకోవడానికి చాలా కాలం పట్టింది.

అర నిమిషం చుట్టరికం

మినుయెట్‌కీ కంట్రీ డ్యాన్సుకీ ఒక పెద్ద తేడా ఉంది. మొదటిదాంట్లో ఒక జంట ఆడుతుంటే ఊరంతా చూస్తుంది. రెండోదాంట్లో చూసేవాళ్లే ఉండరు, అందరూ ఆడుతూనే ఉంటారు. జాన్ ప్లేఫర్డ్ 1651లో లండన్‌లో అచ్చువేసిన ‘ద ఇంగ్లిష్ డ్యాన్సింగ్ మాస్టర్’ పుస్తకంలో ఇలాంటివి వందకు పైగా ఉన్నాయి. ఎంతమంది వస్తే అంతమందీ రెండు పొడవాటి వరుసల్లో నిలబడి ఆడేవి వాటిలో చాలా ఉన్నాయి. సముద్రం దాటి అమెరికా చేరిన ఆ వరుసల ఆటలే ఇవాళ న్యూ ఇంగ్లండ్ పల్లెల్లో ‘కాంట్రా డ్యాన్స్’ పేరుతో బతికి ఉన్నాయి. మసాచుసెట్స్‌లోని గ్రీన్‌ఫీల్డ్‌లో రైతుసంఘం వాళ్ల గైడింగ్ స్టార్ గ్రేంజ్, న్యూ హాంప్‌షైర్‌లోని నెల్సన్ టౌన్‌హాల్, వాషింగ్టన్ పక్కనే గ్లెన్ ఎకో పార్కులో 1933 నాటి స్పానిష్ బాల్‌రూమ్... అన్నీ ఈ ఆటకు పేరుమోసిన చోట్లు.

లోపలికి అడుగుపెడితే ఫిడేలు, పియానో శ్రుతి చేసుకుంటూ ఉంటాయి. మైకు పట్టుకుని అడుగులు చెప్పే మనిషిని కాలర్ అంటారు. ఒకరి ఎదుట ఒకరు వచ్చేలా రెండు వరుసలు. ముందు నుంచి నలుగురు నలుగురుగా చేతులు కలుపుకోమంటాడు కాలర్. అలా ప్రతి జంటకీ ఒక పొరుగు జంట దొరుకుతుంది. సంగీతం లేకుండా ఒకటి రెండుసార్లు అడుగులు నడిపించి చూపిస్తాడు. తర్వాత ఫిడేలు అందుకుంటుంది.

అసలు కిటుకు లెక్కలో ఉంది. ఒక్కో ఆవృతం 64 అడుగులు. నిమిషానికి 115, 120 అడుగుల చొప్పున అర నిమిషానికి కాస్త అటూ ఇటూగా పూర్తవుతుంది. ఆ అర నిమిషంలోనే పొరుగు జంటతో చేతులు కలపడం, చుట్టూ తిరగడం, చోట్లు మారడం అన్నీ అయిపోతాయి. అరవై నాలుగో అడుగు పడేసరికి ఆ జంట వెనక్కి, మీరు ముందుకు. కొత్త పొరుగు జంట ఎదురుగా చేతులు చాపి సిద్ధంగా ఉంటుంది. ఇలా పదిహేను ఆవృతాలు నడిస్తే పదిహేను కొత్త జంటలు. వరుస కొసకు చేరిన జంట ఒక ఆవృతం పాటు ఊపిరి పీల్చుకుని, చోట్లు మార్చుకుని, మళ్లీ ఎదురుదిశలో ప్రయాణం మొదలుపెడుతుంది.

ఎదురైన మనిషి నచ్చకపోయినా అర నిమిషమే. మీరు అడుగు తప్పినా దాన్ని చూసిన మనిషితో పని అర నిమిషమే. ఏం మాట్లాడాలన్న బెంగ లేదు, మాట్లాడే వ్యవధే లేదు. చిరునవ్వు చాలు. పైగా తర్వాత ఏం చేయాలో కాలర్ చెబుతూనే ఉంటాడు కనక, ‘నేను చొరవ తీసుకున్నాను’ అన్న భారం ఎవరి మీదా పడదు. సొంత జోడీతో ఉండేది కూడా పది నిమిషాలే. ఆట ముగియగానే ధన్యవాదాలు చెప్పుకుని, తర్వాతి ఆటకు వేరొకరిని చూసుకోవడం అక్కడి ఆనవాయితీ. భార్యాభర్తలు కలిసివచ్చినా ఇదే పద్ధతి. ఒకరితో ఒక ఆట ఆడారంటే దానికి ఇంకే అర్థమూ ఉండదు. మొహమాటస్తులకు ఇంతకు మించిన అభయం లేదు.

ఈ సూత్రాన్ని ఒక్కో చోట ఒక్కోలా మలిచారు. ఐర్లండ్ వాళ్ల ‘సీజ్ ఆఫ్ ఎన్నిస్’లో నలుగురి వరుస నలుగురికి ఎదురు నిలిచి, ఆడి, దాటుకుని అవతలి నలుగురిని కలుస్తుంది. స్కాట్లండ్ ‘డాషింగ్ వైట్ సార్జెంట్’లో జంటల ఊసే లేదు. ముగ్గురు ముగ్గురికి ఎదురు. మధ్యలో ఒకరు, చెరోపక్క ఒకరు. ఒంటరిగా వచ్చినవాళ్లకూ, స్నేహితురాలిని వదల్లేని పిల్లలకూ, అమ్మానాన్నల మధ్య నిలబడిన ఏడేళ్ల పాపకూ ఇందులో చోటుంది. బాల్కన్ దేశాల వాళ్లయితే జోడీ పీడే లేకుండా గొలుసుకట్టుగా చేతులు పట్టుకుని ఆడేస్తారు. గొలుసు చివర ఎవరైనా వచ్చి చేరొచ్చు. చూడగా చూడగా ‘డాషింగ్ వైట్ సార్జెంట్’ కట్టిన మనిషికే అందరికన్నా ఎక్కువ మార్కులు వేయాలనిపిస్తుంది.

అనుభవమున్న కాలర్లు అసలు ‘జోడీని వెతుక్కోండి’ అనే మాటే అనరు, ముఖ్యంగా కొత్తవాళ్లు నిండిన హాలులో. ‘అందరూ వచ్చి పెద్ద వలయంగా చేతులు పట్టుకోండి’ అంటారు. వలయంలో చేరడానికి ఎవరికీ బిడియం ఉండదు. అందరూ చేరాక, ‘ఇప్పుడు మీ కుడిపక్కన ఉన్నది మీ జోడీ’ అని ప్రకటిస్తారు. గోడకు అతుక్కునే అవకాశమే రాదు. ‘సర్కేషియన్ సర్కిల్’ లాంటి వలయపు ఆటల్లో ప్రతి ఆవృతానికీ జోడీ మారుతుంది. నాలుగు నిమిషాలు తిరిగేసరికి ఏడెనిమిది మంది చేతులు పట్టుకుని ఉంటారు. ఆ తర్వాత ‘ఎవరో ఒకర్ని పిలుచుకోండి’ అన్నా నష్టం లేదు, అప్పటికి ఎవరూ మరీ కొత్త కాదు.

ఇందులో ఒక చిక్కు ఉంది. కలిసి వచ్చిన ఇద్దరు కొత్తవాళ్లను విడదీయాలా వద్దా? ఇద్దరికీ రాకపోతే ఇద్దరూ మునుగుతారు. చెరొక అనుభవజ్ఞుడితో నిలబెడితే అరగంటలో గాడిన పడతారు. కానీ మొదటిరోజే బలవంతంగా విడదీస్తే రెండోవారం రారు. ‘విడిగా ఆడితే తొందరగా వస్తుంది, మీ ఇష్టం’ అని చెప్పి ఊరుకోవడమే మేలంటారు చాలామంది నిర్వాహకులు. ఆ చివరి రెండు మాటల్లోనే ఉంది సగం పనితనం.

వేళ్లు, కళ్లు, చెమట

ఇబ్బంది మనసులోనే పుడుతుందనుకుంటాం గానీ, చాలాసార్లు బొటనవేలి దగ్గర పుడుతుంది. పక్కమనిషి చేతిని బిగించి, బొటనవేలితో నొక్కిపట్టి తిప్పితే మణికట్టు కలుక్కుమంటుంది. కీళ్లనొప్పులున్న పెద్దవాళ్లకు అది నరకం. అందుకే ఆట మొదలవకముందు జరిగే అరగంట పాఠంలో మొదట నేర్పేది చెయ్యి పట్టడం. వేళ్లు కొక్కెంలా తగిలించాలి, నొక్కకూడదు. అలాగని మెత్తగా వేలాడేయకూడదు. ఇద్దరి మధ్యా కొంచెం లాగుడు ఉండాలి. ఎవరి బరువు వాళ్లే మోయాలి.

‘స్వింగ్’ దగ్గరే కొత్తవాళ్లకు అసలు పరీక్ష. ఇద్దరూ దగ్గరగా నిలబడి, కుడిపాదాలు పక్కపక్కన పెట్టి, ఎడమకాలితో నెట్టుకుంటూ గిరగిరా తిరగాలి. తెలియని మనిషి అంత చేరువలో! ఇక్కడ చెయ్యి ఎక్కడుందన్నది చాలా ముఖ్యం. నడుము మీద కాదు, వీపు పైభాగాన, భుజం ఎముక మీద అరచెయ్యి ఆనించాలి. ఇది మర్యాద కోసమే కాదు, తిరిగేటప్పుడు దేహాన్ని నిలిపేది ఆ ఆసరాయే. అంత చేరువ వద్దనుకుంటే రెండు చేతులూ పట్టుకుని దూరంగా తిరగొచ్చు, మోచేతులు తగిలించుకుని తిరగొచ్చు. పిల్లాపాపలతో వచ్చే కుటుంబాల ఆటల్లో చాలామంది కాలర్లు మొదటి నుంచీ ఈ రెండో పద్ధతినే నేర్పుతారు.

తిరిగేటప్పుడు కళ్లు తిరుగుతాయి. హాలు చూస్తే గోడలన్నీ గిర్రున తిరుగుతున్నట్టుంటాయి. కదలనట్టు కనిపించేది ఒక్కటే, ఎదుటి మొహం. దాన్నే చూస్తూ ఉంటే తల తిరగదు. కానీ ముక్కూమొహం తెలియని మనిషి కళ్లలోకి చూడటం మనవాళ్లకే కాదు, అమెరికా వాళ్లకూ కష్టమే. దానికో ఉపాయం ఉంది. చెవి చూడొచ్చు, నుదురు చూడొచ్చు, చొక్కా భుజం చూడొచ్చు. తల తిరగదు, సిగ్గూ వేయదు.

కొన్ని సంగతులకు మాటలే అక్కర్లేదు. చెయ్యెత్తి తిప్పబోతున్న జోడీకి వద్దని చెప్పాలంటే ఆ చేతిని కిందికే పట్టి ఉంచితే చాలు, అవతలివాళ్లు అర్థం చేసుకోవాలి. వెనక్కి వాల్చడం లాంటి విన్యాసాలు ముందు అడగకుండా చేయకూడదని ఇప్పుడు చాలాచోట్ల గట్టిగానే చెబుతున్నారు. ఇక చెమట. మూడు గంటల ఆటలో తడవని చొక్కా ఉండదు. పాతకాపులు సంచిలో ఇంకో చొక్కా తెచ్చుకుంటారు. అత్తర్లు, సెంట్లు పూసుకుని రావొద్దని బోర్డులుంటాయి, ఉబ్బసం ఉన్నవాళ్ల కోసం. కొవిడ్ వచ్చిన 2020 మార్చిలో ఈ హాళ్లన్నీ మూతబడ్డాయి. తిరిగి తెరిచినప్పుడు ఎదుటి మనిషి ఊపిరి కూడా లెక్కలోకి వచ్చింది. చాలాచోట్ల టీకా పత్రాలు, మాస్కులు అడిగారు. చేతులు పట్టుకోవడానికి జంకనివాళ్లు శ్వాసకు జంకారు. కొన్ని బృందాలు మాస్కు తప్పనిసరి అయిన రోజు వేరు, కాని రోజు వేరు అని విడదీసుకున్నాయి.

తాకాలా వద్దా అన్న ఈ తకరారును తెలుగువాళ్లు ఎప్పుడో రెండు కర్రలతో తేల్చేశారు. జంట కోలాటంలో లోపలి వలయం ఒకవైపు, బయటి వలయం మరోవైపు కదులుతుంటే దెబ్బదెబ్బకీ కొత్తవాళ్లు ఎదురవుతారు. కాంట్రా వరుస చేసే పనే ఇది, ఇంకా వేగంగా. కానీ చెయ్యి చేతిని తాకదు, కోల కోలను తాకుతుంది. మధ్యలో మూరెడు దూరం. వయసు, వరస అడ్డురావు. కాలర్ చేసే పనిని గురువు తాళం మీద చేస్తాడు. ఆయన కోపు మార్చగానే వలయమంతా అడుగు మార్చాలి. తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనసేవల ముందు ఆడే కోలాట బృందాలను కాసేపు గమనిస్తే ఇది తెలుస్తుంది. ఆడేవాళ్ల చూపు ఎదుటివాళ్ల మొహం మీద కాదు, వచ్చే కోల మీద ఉంటుంది. జడకోలాటంలో అయితే పైనుంచి వేలాడే తాళ్లను అల్లుకుంటూ, మళ్లీ విప్పుకుంటూ తిరగాలి. ఒకరు దారి తప్పితే జడంతా చిక్కుపడుతుంది. ఎవరి పక్కన ఎవరున్నారన్న ధ్యాసకు తీరికెక్కడ?

హైదరాబాద్‌లో దసరా రాత్రుల దాండియా మైదానాలకు వెళ్లేవాళ్లకూ రెండు వరుసలు, కర్ర దెబ్బలు, ఒక్కో చోటు జరగడం తెలిసిందే. ఉద్యోగానికో చదువుకో అమెరికా వెళ్లిన మన పిల్లలు కాంట్రా హాల్లో అడుగుపెడితే వరుస జరిగే తీరు వాళ్లకు కొత్తగా అనిపించదు, చేతుల్లో కర్రలు లేకపోవడమే కొత్త. కాకపోతే మన దాండియా మైదానాల్లో ఒక వెలితి ఉంది. మైకులో పాట ఉంటుంది, పాడేవాళ్లుంటారు, అడుగులు చెప్పేవాళ్లుండరు. ఆఫీసు జట్టు ఒక వలయం, కాలేజీ జట్టు ఒక వలయం, అపార్టుమెంటు జట్టు ఇంకో వలయం. ఒంటరిగా వచ్చిన మనిషి చేతిలో కర్రలతో ఫుడ్‌స్టాల్ దగ్గర నిలబడతాడు. టికెట్ కొన్న వందలమందిని కలపడానికి మైకులో ఒక గొంతు చాలునన్న ఆలోచన ఏ నిర్వాహకుడికైనా ఎందుకు రాదో!

‘వద్దు’ అనేవాళ్లకు చోటు

అర్జెంటీనా టాంగో శాలల్లో పిలవడం, కాదనడం రెండూ చూపులతోనే జరిగిపోతాయి. దాన్ని ‘కబెసెయో’ అంటారు. దూరం నుంచి చూపు కలిపి తల కొంచెం ఊపితే పిలుపు. అవతలివాళ్లూ తల ఊపితే సరేనని. చూపు తిప్పుకుంటే ఏమీ జరగనట్టే. పిలిచినవాడి పరువూ పోదు, కాదన్నవాళ్లకు సంజాయిషీ చెప్పుకునే బాధా ఉండదు.

జానపద నృత్యశాలలు ఇక్కడికి చేరడానికి ఎక్కువ కాలమే తీసుకున్నాయి. ఎవరు పిలిచినా ఔననాలి, కాదంటే ఆ ఆటకు కూర్చోవాలి అన్న ఎవెలీనా నాటి రివాజు ‘స్నేహశీలత’ పేరుతో మొన్నమొన్నటిదాకా నడిచింది. గత పదిహేనేళ్లలో చాలా బృందాలు దాన్ని వదిలేసి, ప్రవర్తనా నియమాలు రాసి గోడకు అంటించాయి. ఎవరు ఎవరినైనా పిలవొచ్చు. ‘వద్దండీ’ అంటే కారణం చెప్పక్కర్లేదు. కాదన్న మరుక్షణం మరొకరితో ఆడినా తప్పులేదు.

అయితే వరుసలో ఎదురొచ్చే పొరుగుమనిషిని కాదనడం అంత సులువు కాదు. అక్కడ ఆగితే వరుసే చెదురుతుంది. ఒక మనిషి గట్టిగా బిగించి పట్టుకుంటాడనో, చెయ్యి ఉండాల్సిన చోట ఉంచడనో తెలిసినా అతను ఎదురుకాక తప్పదు. అలాంటప్పుడు దగ్గరి స్వింగ్ మానేసి రెండు చేతులూ చాపడం ఒక దారి. లేదంటే చెయ్యి ఇవ్వకుండా ఎదురెదురుగా చుట్టూ నడిచి ఆ అర నిమిషాన్ని దాటేయడం. ఆ తర్వాత నిర్వాహకులకు చెప్పాలి. చెప్పడానికి ఎవరున్నారో తెలిసేలా కొన్నిచోట్ల వాళ్లు గుర్తింపు బ్యాడ్జీలు పెట్టుకుంటారు. అతన్ని పక్కకు పిలిచి మాట్లాడటం వాళ్ల పని. ‘ఇరవై ఏళ్లుగా వస్తున్నాడు, మంచివాడే, అతని తీరే అంత’ అని సర్దిచెప్పే అలవాటు ప్రతి ఊళ్లోనూ ఉంది. ఆ సర్దుబాటు ఖరీదు ఎవరికీ కనపడదు, ఎందుకంటే ఇబ్బంది పడ్డ కొత్తమ్మాయి ఫిర్యాదు చేయదు, ఊరికే రావడం మానేస్తుంది.

మగవాళ్లు తక్కువైతే

ఆస్టెన్ మరో నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో నాయిక ఎలిజబెత్ ఒక నృత్యసభలో రెండు ఆటలపాటు కూర్చుని ఉంటుంది. మగవాళ్లు తక్కువయ్యారు మరి. ఆ కూర్చున్నప్పుడే కథానాయకుడు డార్సీ ఆమె గురించి అన్న చులకన మాట ఆమె చెవిన పడుతుంది. జోడీ అంటే ఒక మగ, ఒక ఆడ అనుకున్నంత కాలం ఈ లెక్క తెగదు. ఎప్పుడూ ఒకవైపు మిగులు, రెండోవైపు తరుగు. మిగిలిపోయినవాళ్లు గోడ పక్క కుర్చీల్లో.

1980ల చివర్లో న్యూ ఇంగ్లండ్‌లో క్రిస్ రిచియొట్టి అనే కాలర్, స్త్రీపురుష భేదం లేని కాంట్రా ఆటలు మొదలుపెట్టాడు. ఒక పాత్ర ఆడేవాళ్లు చేతికి పట్టీ కట్టుకుంటారు, రెండో పాత్రవాళ్లకు పట్టీ ఉండదు. అంతే. ఎవరు ఏ పాత్రైనా ఆడొచ్చు. మొదట్లో ఇవి ప్రధానంగా స్వలింగ ప్రేమికుల కోసం నడిచాయి. తర్వాతి దశాబ్దాల్లో ఆ పద్ధతి మామూలు హాళ్లలోకీ వచ్చింది. ఇవాళ చాలాచోట్ల కాలర్లు ‘జెంటిల్‌మెన్’, ‘లేడీస్’ అనడం మానేసి ‘లార్క్స్’, ‘రాబిన్స్’ అని రెండు పిట్టల పేర్లు వాడుతున్నారు. ఎడమవైపు నిలిచేవాళ్లు లార్క్, కుడివైపు రాబిన్. కొందరు పాతవాళ్లు గొణిగారు, కొందరు రావడమూ మానేశారు. కానీ జోడీలు కుదర్చాల్సిన మనిషి వైపు నుంచి చూస్తే దీనివల్ల పెద్ద తలనొప్పి తీరిపోయింది. ఏ ఇద్దరినైనా కలిపి నిలబెట్టొచ్చు. అక్కాచెల్లెళ్లు, తండ్రీకొడుకులు, పక్కింటి తాతగారూ ఇంజినీరింగ్ కుర్రాడూ! మగవాడితో స్వింగ్ ఆడటానికి ఇబ్బందిపడే ఆడవాళ్లు ఆడవాళ్లతోనే సాయంత్రమంతా గడపాలన్నా జోడీ వరకూ ఎవరూ వింతగా చూడరు. పొరుగు జంటలో ఎవరొస్తారన్నది మాత్రం వరుస చేతిలో ఉంది.

తీరని చిక్కులు ఇంకా ఉన్నాయి. బాగా ఆడేవాళ్లంతా వేదిక ఎదురుగా ఉండే నడిమి వరుసలోకి చేరతారు, కొత్తవాళ్లు గోడ పక్క వరుసల్లో మిగులుతారు. ఆ వరుసల్లో నలుగురికీ అడుగులు రావు, కాలర్ గొంతూ సరిగా వినపడదు. దీనికి తోడు ముందస్తు బుకింగులు. ఒక ఆట నడుస్తుండగానే తర్వాతి రెండు మూడు ఆటలకు పాతవాళ్లు తమలో తాము మాట తీసుకుంటారు. సంగీతం ఆగగానే కొత్తవాళ్లు తల తిప్పి చూసేసరికి అందరూ కుదిరిపోయి ఉంటారు. ఆటకీ ఆటకీ మధ్య ఉన్న ఆ రెండు నిమిషాల్లోనే స్కాట్లండ్ బడిపిల్లల గోడ మళ్లీ లేస్తుంది. ఇక ప్రతి సగమూ వాల్ట్జ్‌తో ముగియడం ఆనవాయితీ. అందులో వరుసలు లేవు, పొరుగు జంటలు లేవు, అడుగులు చెప్పే గొంతు లేదు. ఒక్కరితోనే పూర్తి పాట. సాయంత్రమంతా అరవైమందితో హాయిగా ఆడిన మనిషి కూడా వాల్ట్జ్ మొదలవగానే మంచినీళ్ల సీసా వెతుక్కుంటాడు.

బుకింగుల్ని నిషేధించి చూసిన హాళ్లున్నాయి. ఫలితం అంతంతమాత్రం, గుసగుసల్ని ఎవరాపగలరు? అంతకన్నా బాగా పనిచేసేది వేరే ఉందంటారు నిర్వాహకులు. పాతవాళ్లలో ఆరేడుగురిని అరగంట ముందు జరిగే కొత్తవాళ్ల పాఠానికి రమ్మంటారు, నేర్చుకోవడానికి కాదు, నిలబడటానికి. పాఠంలో ఎవరి చెయ్యి పట్టుకున్నారో మొదటి రెండు ఆటలూ వాళ్లతోనే, గోడ పక్క వరుసలోనే ఆడాలని షరతు. మూడో ఆటకు నడిమి వరుసలోకి వెళ్లాలనిపిస్తే ఆ కొత్తమనిషిని కూడా వెంటబెట్టుకుని వెళ్లాలి.